రెండు విభాజనాల మధ్య తేడా: ఏ పనికి ఏ కొలత?

శుక్రవారం సాయంత్రం మారతహళ్లిలో ఆఫీసు నుంచి బయటపడి, సిల్క్ బోర్డ్ దాటి, మడివాళలో కర్నూలుకో తిరుపతికో వెళ్లే రాత్రి బస్సు అందుకోవడం బెంగళూరులో ఉండే తెలుగువాళ్లకు బాగా తెలిసిన ప్రయాణం. ఆ ప్రయాణానికి పట్టే సమయాన్ని ఒక సంభావ్యతా విభాజనంగా, అంటే ఏ సమయం ఎంత తరచుగా పడుతుందో చెప్పే పట్టికగా రాద్దాం. చేత్తో లెక్క చేయడానికి వీలుగా నాలుగే గడులు పెట్టుకుందాం: 30, 45, 60, 90 నిమిషాలు. అసలు సంభావ్యతలు వరుసగా 0.20, 0.40, 0.30, 0.10 అనుకుందాం. ఇవి రోడ్డు మీద కొలిచినవి కావు, ఉదాహరణకు వేసుకున్న అంకెలు.

ఈ అసలు విభాజనానికి బదులుగా వాడుకోవడానికి రెండు మోడళ్లు మన ముందున్నాయి. మోడల్ ‘క’ ఇచ్చే సంభావ్యతలు 0.20, 0.40, 0.39, 0.01. మొదటి రెండు గడులూ అచ్చు గుద్దినట్టు సరిపోయాయి, కానీ గంటన్నర పట్టే రోజులు దాదాపు లేవంటోంది. మోడల్ ‘ఖ’ ఇచ్చేవి 0.30, 0.30, 0.30, 0.10. మామూలు రోజుల దగ్గర ఇది తడబడింది, గంటన్నర పట్టే రోజులను మాత్రం సరిగ్గా పట్టుకుంది.

రెండింటిలో ఏది అసలుకు దగ్గర? నాలుగు కొలతలు వేసి చూద్దాం, వాటి వివరాలు కింద వస్తాయి. టోటల్ వేరియేషన్ దూరం ‘క’కు 0.09, ‘ఖ’కు 0.10 వస్తుంది. అంటే ‘క’ కొద్దిగా మెరుగు. కొల్మొగొరోవ్–స్మిర్నోవ్ దూరం, అంటే మొదటి గడి నుంచి ఒక్కో గడి వరకూ కూడిన సంభావ్యతల మధ్య అతి పెద్ద తేడా, కూడా అవే అంకెలు ఇస్తుంది. కల్‌బాక్–లైబ్లర్ కొలత, అందరూ కేఎల్ అని పిలిచేది, ‘క’కు 0.152, ‘ఖ’కు 0.034 చూపిస్తుంది. ‘ఖ’ నాలుగు రెట్లకు పైగా మెరుగన్నమాట. వాసర్‌స్టైన్ దూరం ‘క’కు 2.7 నిమిషాలు, ‘ఖ’కు 1.5 నిమిషాలు. ఇదీ ‘ఖ’ వైపే.

నాలుగు లెక్కలూ సరైనవే. తీర్పులు మారడానికి కారణం, ఒక్కో కొలత ఒక్కో రకం నష్టాన్ని లెక్కపెట్టడం. అందుకే కొలతను ఎంచుకునే ముందు ఒక ప్రశ్నకు జవాబు రాసి పెట్టుకోవాలి: అసలు విభాజనం స్థానంలో ఈ మోడల్‌ను నమ్ముకుంటే నేను పోగొట్టుకునేది ఏమిటి? బస్సు తప్పిపోవడమే నష్టమైతే ఆ చివరి గడి ప్రాణంతో సమానం. ఆఫీసు క్యాబ్‌లకు నెల మొత్తం మీద అయ్యే డీజిలు ఖర్చే కావలసినదైతే సగటు సమయం సరిపోతుంది. ఈ జవాబు అంకెలు చూశాక కాకుండా చూడకముందే రాసుకోవాలని నేను గట్టిగా చెబుతాను. నాలుగు కొలతలూ వేసి, మన మోడల్‌ను మెచ్చుకున్న కొలతనే నివేదికలో పెట్టే అలవాటు చాలా ఆఫీసుల్లో కనిపిస్తుంది. అలా తేలిన మోడల్ పనిలోకి దిగాక నిలబడదు.

టోటల్ వేరియేషన్: అర్థం సూటిగా కావాలనుకుంటే

గడి గడికీ తేడాలు తీసి, గుర్తు పట్టించుకోకుండా కూడి, సగం చేస్తే వచ్చేదే టోటల్ వేరియేషన్. దీని గొప్పతనం దాని అర్థంలో ఉంది. విలువ 0.09 అంటే, మీరు ఏ ఘటనను తీసుకున్నా దానికి రెండు విభాజనాలు ఇచ్చే సంభావ్యతల మధ్య తేడా 0.09 దాటదు. సంభావ్యత తెలియని పై అధికారికి కూడా ఒక్క వాక్యంలో చెప్పగలిగిన హామీ ఇది.

పుస్తకాల్లో కనిపించే ఉజ్జాయింపులకు ఈ కొలత చక్కగా నప్పుతుంది. ఇన్ని ప్రయత్నాల్లో ఎన్నిసార్లు జరుగుతుందో చెప్పే ద్విపద విభాజనం బదులు, అరుదైన ఘటనల లెక్కకు వాడే పాయిజాన్ విభాజనం వాడుకోవచ్చా అన్న పాత ప్రశ్ననే తీసుకోండి. రెండింటి మధ్య టోటల్ వేరియేషన్ దూరం, ప్రయత్నాల సంఖ్యను సంభావ్యత వర్గంతో గుణిస్తే వచ్చే విలువను దాటదని గణాంకవేత్త లెకామ్ 1960లో చూపించాడు. 100 ప్రయత్నాలు, ఒక్కోదానికి 0.02 సంభావ్యత అయితే హద్దు 0.04. 10,000 ప్రయత్నాలు, 0.0002 సంభావ్యత అయితే 0.0004. సగటు రెండుచోట్లా 2 మాత్రమే, కానీ రెండో సందర్భంలో ఉజ్జాయింపు మీద నమ్మకం వంద రెట్లు పెరిగింది. ‘సంఖ్య పెద్దది, సంభావ్యత చిన్నది అయితే పాయిజాన్ వాడవచ్చు’ అని క్లాసులో చెప్పే మాటకు ఇలా ఒక కొలబద్ద దొరుకుతుంది.

దీని బలహీనత కూడా మన ఉదాహరణలోనే ఉంది. 0.10 ఉండవలసిన చోట 0.01 ఉండడం, 0.30 ఉండవలసిన చోట 0.39 ఉండడం దీనికి ఒకటే. పదోవంతుకు పడిపోయిన అరుదైన ఘటన దీని కంట పడదు. ప్రమాదాలు, వరదలు, మోసపు లావాదేవీలు వంటి వాటి మీద పని చేసేవాళ్లు ఈ ఒక్క కొలతతో సరిపెట్టుకోకూడదు.

కేఎల్: శక్తిమంతమైనది, దిశ మరిచిపోతే ప్రమాదం

సాలమన్ కల్‌బాక్, రిచర్డ్ లైబ్లర్ 1951లో ఈ కొలతను ప్రవేశపెట్టారు. ప్రతి గడిలోనూ అసలు సంభావ్యతను మోడల్ సంభావ్యతతో భాగించి, దాని లాగ్‌ను అసలు సంభావ్యతతో గుణించి, అన్నిటినీ కూడాలి. సహజ లాగ్ వాడితే విలువ నాట్‌లలో వస్తుంది, 2 ఆధారంగా తీసుకుంటే బిట్లలో వస్తుంది. ఇద్దరి అంకెలు పోల్చేముందు ఏ లాగ్ వాడారో అడగండి.

కేఎల్‌ను నేను ఎక్కువగా వాడడానికి ఒక ఆచరణాత్మక కారణం ఉంది. నిజ జీవితంలో అసలు విభాజనం మన చేతిలో ఉండదు, దాని నుంచి వచ్చిన డేటా మాత్రమే ఉంటుంది. అయినా రెండు మోడళ్లను కేఎల్ ప్రకారం పోల్చవచ్చు. మోడల్‌ను తయారు చేయడానికి వాడని డేటా కొంత పక్కన పెట్టి, ఆ డేటాకు ఒక్కో మోడల్ ఇచ్చే సంభావ్యత లాగ్‌ల సగటు తీస్తే చాలు. అసలు విభాజనపు ఎంట్రోపీ, అంటే దానిలో సహజంగా ఉండే అనిశ్చితి, రెండు మోడళ్లకూ ఒకటే కాబట్టి తేడా తీసినప్పుడు కొట్టుకుపోతుంది. మిగిలేది రెండు కేఎల్ విలువల తేడా. గడులు చేయడం, హిస్టోగ్రామ్‌లు గీయడం అక్కరలేదు. ప్రయాణ సమయాలకు లాగ్‌నార్మల్ విభాజనం నప్పుతుందా గామా విభాజనం నప్పుతుందా అని తేల్చుకోవడానికి ఇంతకంటే శుభ్రమైన దారి నాకు తెలియదు. అయితే ఇది ఏది మెరుగో చెబుతుంది, ఎంత మంచిదో చెప్పదు. రెండూ పనికిమాలినవే అయినా ఒకటి గెలుస్తుంది.

సున్నాల సంగతి చూడాలి. మోడల్ ‘గ’ అని ఇంకొకటి తీసుకుందాం: 0.20, 0.40, 0.40, 0. గంటన్నర పట్టడం అసాధ్యమని ఇది అంటోంది, వాస్తవంలో పది శుక్రవారాల్లో ఒకసారి జరుగుతోంది. కేఎల్ విలువ అనంతం. ఈ తీర్పు నాకు న్యాయంగానే కనిపిస్తుంది, జరిగేదాన్ని జరగదన్న మోడల్‌ను నమ్మి నిర్ణయాలు తీసుకోలేం. చిక్కల్లా, అనంతం వచ్చిందని ఆ సున్నా స్థానంలో ఏదో చిన్న అంకె పెట్టేయడంలో ఉంది. 0.01 పెడితే ఆ గడి ఒక్కటే 0.23 కలుపుతుంది, 0.001 పెడితే 0.46, 0.0001 పెడితే 0.69. అప్పుడు మీరు కొలుస్తున్నది మోడల్‌ను కాదు, మీరు పెట్టిన అంకెను. ఆ అంకె పెట్టక తప్పకపోతే ఎంత పెట్టారో, ఎందుకు పెట్టారో నివేదికలో రాయండి.

ఇక దిశ. అసలు నుంచి మోడల్‌కు తీసిన కేఎల్, మోడల్ నుంచి అసలుకు తీసిన కేఎల్ ఒకటి కావు. మన మోడల్ ‘క’కు మొదటిది 0.152, రెండోది 0.079. తేడా విలువలతో ఆగదు. ప్రయాణ సమయాలకు రెండు శిఖరాలున్నాయనుకోండి: రోడ్డు కదిలే రోజుల్లో 40 నిమిషాల చుట్టూ, పెద్ద వాన కురిసిన సాయంత్రాల్లో 90 చుట్టూ, సగం సగం, ఒక్కోదానికి ప్రామాణిక విచలనం (సగటు చుట్టూ విలువలు చెదిరే మేర) 5. దీన్ని గంట ఆకారంలో ఉండే ఒకే ఒక నార్మల్ వక్రంతో సరిపెట్టాలి. అసలు నుంచి మోడల్‌కు కేఎల్‌ను తగ్గిస్తే, సగటు, విస్తృతి రెండూ అసలుతో సరిపోయే వక్రం వస్తుంది: సగటు 65, ప్రామాణిక విచలనం దాదాపు 25.5. రెండు శిఖరాలనూ కప్పింది, కానీ దాని నడినెత్తి ఎవ్వరూ ప్రయాణించని 65వ నిమిషం దగ్గర ఉంది. తిరగేసి, మోడల్ నుంచి అసలుకు కేఎల్‌ను తగ్గిస్తే, వక్రం ఒక్క శిఖరాన్ని ఎంచుకుని దాని మీదే కూర్చుంటుంది. 40 దగ్గర చక్కగా సరిపోతుంది, 90 ఉందన్న సంగతే దానికి తెలియదు. ఆ స్థితిలో విలువ దాదాపు 0.693, అంటే 2కు సహజ లాగ్.

అందువల్ల ఏ సంఘటననూ వదలకూడదంటే అసలు నుంచి మోడల్‌కు తీయండి. మోడల్ తయారు చేసే ప్రతి నమూనా నమ్మదగ్గదిగా ఉండాలి, కొన్ని రకాలు రాకపోయినా ఫరవాలేదంటే తిరగేసి తీయండి. లెక్కకు లొంగని విభాజనం బదులు సులువైనదాన్ని పెట్టుకునే వేరియేషనల్ పద్ధతుల్లో లెక్క కుదిరేది రెండో దిశలోనే. అందుకే అవి అనిశ్చితిని తక్కువ చేసి చూపిస్తుంటాయి. ఆ పద్ధతి వాడినవాళ్లు ఇచ్చే ప్రామాణిక విచలనాన్ని నేను ఎప్పుడూ కొంచెం పెంచుకుని చదువుతాను.

వాసర్‌స్టైన్: ‘ఎంత దూరం తప్పింది’ అన్నది ముఖ్యమైతే

కళ్లంలో పోసిన ధాన్యం కుప్పను ఇంకో ఆకారంలోకి మార్చాలంటే ఎంత ధాన్యాన్ని ఎంత దూరం మోయాలి? ఆ మోతల్లో అతి తక్కువదే ఈ దూరం. గాస్పార్ మోంజ్ 1781లో మట్టి తరలింపు సమస్యగా దీన్ని ఎత్తుకున్నాడు. 1942లో లియొనిద్ కాంటరోవిచ్ దానికి నేటి రూపం ఇచ్చాడు. వనరుల కేటాయింపు మీద చేసిన కృషికి ఆయనకు 1975లో ఆర్థికశాస్త్ర నోబెల్ వచ్చింది.

మోడల్ ‘క’లో 90 నిమిషాల గడిలో ఉండవలసిన 0.09 వంతు 60కి వెళ్లిపోయింది. దూరం 30 నిమిషాలు, మోత 2.7 నిమిషాలు. ‘ఖ’లో 0.10 వంతు 45 నుంచి 30కి జరిగింది, మోత 1.5. జవాబు నిమిషాల్లోనే రావడం నాకు బాగా నచ్చిన గుణం. ఖర్చు నిమిషానికి 5 రూపాయల కంటే వేగంగా మారని పనైతే, ‘క’ను నమ్మడం వల్ల సగటు ఖర్చు అంచనా తప్పేది 13.50 రూపాయలకు మించదని అక్కడికక్కడే చెప్పవచ్చు. టోటల్ వేరియేషన్, కేఎల్‌లకు గడుల మధ్య దూరం తెలియదు. 90 బదులు చివరి గడి 180 అయినా వాటి విలువ మారదు.

డేటా ఒకే కొలమానంలో, అంటే ఒక్కో వరుసకు ఒకే అంకెగా ఉంటే లెక్క చాలా సులువు. రెండు వైపులా సమాన సంఖ్యలో విలువలు తీసుకుని, చిన్న నుంచి పెద్దకు పేర్చి, జతకు జత తేడాల సగటు తీయడమే. రక్త వర్గం, భాష, చెల్లింపు పద్ధతి వంటి దూరం లేని వర్గాలకు దీన్ని వాడితే అర్థం ఉండదు. కొలమానాలు ఎక్కువైతే ఇంకో ఇబ్బంది: నమూనా నుంచి వేసిన అంచనా అసలు విలువకు చాలా నెమ్మదిగా చేరుతుంది. పది కొలమానాలున్న డేటాలో కొన్ని వేల వరుసలతో వచ్చిన వాసర్‌స్టైన్ అంకెను నేను నమ్మను.

మధ్యేమార్గాలు, వాటిలో మన వాటా

కేఎల్ అనంతానికి పోవడం ఇబ్బందిగా ఉంటే జెన్సన్–షానన్ ఉంది. రెండు విభాజనాల సగటు తీసుకుని, ఒక్కోదాని నుంచి ఆ సగటుకు కేఎల్ తీసి, రెండింటినీ సగం సగం కలుపుతారు. దిశ గొడవ లేదు, 0.693 దాటదు. అయితే మోడల్ ‘గ’కు అది ఇచ్చేది 0.038 మాత్రమే. జరిగేదాన్ని అసాధ్యమన్న మోడల్‌కు ఇంత తేలికైన శిక్ష మీకు సమ్మతమేనా అని ఆలోచించుకోండి. రెండు విభాజనాలు అసలు కలవనే కలవకపోతే, దగ్గరగా ఉన్నా ఎంతో దూరంగా ఉన్నా అదే 0.693 దగ్గర ఆగిపోతుంది. బొమ్మలు తయారు చేసే గాన్ (జీఏఎన్) అనే మోడళ్లకు శిక్షణ ఇచ్చేటప్పుడు ఇదే చిక్కు ఎదురైంది, 2017లో వాసర్‌స్టైన్ దూరాన్ని అక్కడికి తెచ్చింది అందుకే.

హెలింగర్ దూరం గురించి తక్కువ మాట్లాడుకుంటాం కానీ అది చాలా మర్యాదైన కొలత. గడి గడికీ సంభావ్యతల లబ్ధానికి వర్గమూలం తీసి కూడితే వచ్చేది భట్టాచార్య గుణకం, 1943లో అనిల్ కుమార్ భట్టాచార్య ఇచ్చినది. 1 నుంచి దాన్ని తీసేస్తే హెలింగర్ దూరపు వర్గం. మన ‘క’కు 0.026, ‘ఖ’కు 0.009. సున్నాలకు బెదరదు, చిన్న సంభావ్యతలను టోటల్ వేరియేషన్ కంటే బాగా గమనిస్తుంది.

ఆ తర్వాత రెండేళ్లకే, 1945లో, కల్యంపూడి రాధాకృష్ణ రావు కలకత్తా గణిత సంఘం బులెటిన్‌లో ప్రచురించిన పత్రం ఈ రంగం రూపురేఖలు మార్చింది. ఫిషర్ సమాచారాన్ని, అంటే విభాజనాన్ని నిర్ణయించే అంకెల గురించి డేటా ఎంత చెబుతుందన్న కొలతను, విభాజనాల మధ్య దూరం కొలిచే కొలబద్దగా చూడవచ్చని అందులో ఉంది. ఇప్పటి కర్ణాటకలోని హడగలిలో తెలుగు కుటుంబంలో పుట్టి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన మనిషి ఆయన. రెండు విభాజనాలు చాలా దగ్గరగా ఉన్నప్పుడు కేఎల్, హెలింగర్, జెన్సన్–షానన్ మూడూ ఆ ఫిషర్ సమాచారం చుట్టూనే తిరుగుతాయి, స్థిరాంకాలు మాత్రమే మారతాయి. అంటే మోడల్ ఇప్పటికే అసలుకు బాగా దగ్గరగా ఉంటే ఈ మూడింటిలో ఏది వాడాలా అని తల పట్టుకోనక్కరలేదు. కొలత ఎంపిక ముఖ్యమయ్యేది మోడల్ గట్టిగా తప్పినప్పుడే.

పరీక్ష వేరు, కొలత వేరు

కొల్మొగొరోవ్–స్మిర్నోవ్‌ను చాలామంది ‘పాసా ఫెయిలా’ పరీక్షగా వాడతారు. 5 శాతం స్థాయిలో, అంటే సరైన మోడల్‌నూ వందలో ఐదుసార్లు తప్పు పట్టవచ్చని ఒప్పుకుంటే, హద్దు ఉజ్జాయింపుగా 1.36ను నమూనా పరిమాణపు వర్గమూలంతో భాగిస్తే వస్తుంది. 100 ప్రయాణాలుంటే హద్దు 0.136, మన మోడల్ ‘క’ను తప్పు పట్టడం ఆ పరీక్షకు కష్టం. 10 లక్షల ప్రయాణాలుంటే హద్దు 0.00136, ఏ పనికైనా చాలినంత మంచి మోడల్ కూడా ఫెయిలవుతుంది. అది అడిగే ప్రశ్న ‘రెండూ ఒకటేనా’ అని. మోడల్ ఎన్నడూ వాస్తవంతో ఒకటి కాదు, మనకు కావలసినది ‘చాలినంత దగ్గరా’ అన్న ప్రశ్నకు జవాబు. కాబట్టి దూరపు విలువ చెప్పండి, పరీక్ష పాసా ఫెయిలా అని తేల్చే పీ విలువను వెనక్కి నెట్టండి. మోడల్ పరామితులను (సగటు, ప్రామాణిక విచలనం వంటి వాటిని) అదే డేటా నుంచి అంచనా వేసి ఉంటే మామూలు పట్టికలు చెల్లవన్న సంగతి కూడా గుర్తుండాలి. నార్మల్ విభాజనానికి లిలియెఫోర్స్ 1967లో వేరే పట్టిక ఇచ్చింది అందుకే. విభాజనపు తోకల మీద, అంటే రెండు చివరల్లోని అరుదైన విలువల మీద శ్రద్ధ ఉంటే ఆండర్సన్–డార్లింగ్ పరీక్ష మెరుగు.

బ్యాంకుల, బీమా సంస్థల పనులు చేసే టీముల్లో పీఎస్ఐ (పాపులేషన్ స్టెబిలిటీ ఇండెక్స్) వాడుక ఎక్కువ. పేరు వేరైనా అది రెండు దిశల కేఎల్‌ల మొత్తమే. 0.1 లోపు నిశ్చింత, 0.25 దాటితే ఆందోళన అన్నది వాడుకలో ఉన్న ఉజ్జాయింపు సూత్రం. మన ‘ఖ’కు 0.069, ‘క’కు 0.231. గడులు ఎన్ని, డేటా ఎంత అన్నది చూడకుండా ఆ హద్దులను వాడడం సరికాదు, ఎందుకో కింద చెబుతాను.

బొమ్మలు, వాక్యాలు, వందల నిలువు వరుసలున్న పట్టికల వంటి డేటాలో అసలుకూ మోడల్‌కూ పోలిక చూడాలంటే నా మొదటి సలహా ఒక వర్గీకరణ మోడల్. అసలు డేటాను, మోడల్ తయారు చేసిన డేటాను సమానంగా కలిపి, ఏది ఏదో గుర్తుపట్టమని దానికి నేర్పండి. పక్కన పెట్టిన డేటా మీద అది 50 శాతం దగ్గరే తచ్చాడితే, ఆ వర్గీకరణకు అందేంత మేరకు రెండింటికీ తేడా లేదు. 80 శాతం సరిగ్గా చెబితే, దేన్ని చూసి గుర్తుపట్టిందో అడగండి, మోడల్‌లో ఎక్కడ లోపముందో బయటపడుతుంది. రెండు విలువల పోలికను కొలిచే కెర్నెల్ అనే ఫలనం ఆధారంగా పని చేసే ఎంఎండీ (మాక్సిమమ్ మీన్ డిస్క్రెపన్సీ) కూడా మంచిదే కానీ కెర్నెల్ వెడల్పు మారిస్తే జవాబు మారుతుంది, ఏది తప్పిందో వేలు పెట్టి చూపించదు.

బస్సు ప్రయాణం దగ్గరికి వస్తే, ఏ కొలత వాడినా ముందు ఒక్క పని చేయండి. అసలు డేటానే యాదృచ్ఛికంగా రెండు సగాలు చేసి, ఆ రెండు సగాల మధ్య అదే దూరం లెక్కించండి. ఇది పది ఇరవై సార్లు చేస్తే, మోడల్ ప్రమేయం లేకుండా కేవలం నమూనా ఒడిదుడుకుల వల్ల వచ్చే విలువ తెలుస్తుంది. అది చిన్నదేమీ కాదు. 20 గడులు, ఒక్కో వైపు 200 ప్రయాణాలు ఉంటే, ఏ మార్పూ జరగకపోయినా పీఎస్ఐ సగటున 0.19 దగ్గర వస్తుంది, అంటే ‘నిశ్చింత’ హద్దుకు దాదాపు రెట్టింపు. 50 గడులు, 500 ప్రయాణాలతో హిస్టోగ్రామ్ వేస్తే, అసలు విభాజనంతో పోల్చినా కేఎల్ సగటున 0.049 ఉంటుంది, మన ‘ఖ’ మొత్తం తప్పు కంటే ఎక్కువ. మీ మోడల్‌కు వచ్చిన విలువ ఈ నేలమట్టానికి దగ్గరలో ఉంటే రెండు మోడళ్ల మధ్య పోటీ పెట్టడం ఆపి, గడులు తగ్గించండి, లేదా ఇంకొన్ని వారాల డేటా పోగు చేయండి.